సెస్నా 150 యజమాని చేయాల్సిన పనులు

"అన్నా, సొంత విమానం అంటే కోట్లు ఉండాలి కదా?" డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇంటికి భోజనానికి వెళ్తే ఎవరో ఒకరు నన్ను ఈ మాట అడుగుతూనే ఉంటారు. నా దగ్గర ఉన్నది 1975లో తయారైన సెస్నా 150ఎం. రెండు సీట్లు, 100 హార్స్‌పవర్ ఇంజిన్. మా వీధిలో ఇళ్ల ముందు నిలబెట్టిన కొత్త ఎస్‌యూవీల్లో చాలావాటి కన్నా తక్కువ ధరకే వచ్చింది. డబ్బు ఉంటే కొనడం ఒక నెల పని. దాన్ని ఏళ్ల తరబడి ఎగరగలిగేలా ఉంచడమే అసలు పని.

ఆ పని ఎవరిది అన్న విషయం మొదటే తేల్చుకోవాలి. అమెరికా విమానయాన నిబంధనల్లో 91.403 అనే సెక్షన్ ఉంది. విమానాన్ని ఎగరడానికి తగిన స్థితిలో ఉంచే బాధ్యత ముందుగా యజమానిదే, లేదా నడిపేవాడిదే అని అది చెబుతుంది. కారును షాపులో వదిలేసి, సాయంత్రం బిల్లు కట్టి తెచ్చుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. మెకానిక్ తను చేసిన పనికి సంతకం పెడతాడు. ఏ పని ఎప్పుడు చేయించాలో గుర్తుపెట్టుకోవాల్సింది మీరు. నేను ఈ మాట అర్థం చేసుకోవడానికి రెండేళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను. ఇందులో ఉన్నవన్నీ అమెరికా నిబంధనలు, సెస్నా 150, 152 విమానాల సంగతులు.

ముందుగా: మీ పేరు మీద రిజిస్టర్ అవుతుందా?

మనవాళ్లలో చాలామందికి మొదటి అడ్డంకి ఇక్కడే. అమెరికాలో ఒక మనిషి తన పేరు మీద విమానం రిజిస్టర్ చేసుకోవాలంటే పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. అలాంటివాళ్ల కోసం ట్రస్టు ద్వారా రిజిస్టర్ చేయించే పద్ధతి ఉంది గానీ, దానికి ఏటా ఫీజు కట్టాలి, కాగితాల పని ఎక్కువ. ఇంత చిన్న విమానానికి అది గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. పౌరసత్వం ఉన్న స్నేహితుడి పేరు మీద కొనేద్దామని కొందరు అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. దరఖాస్తులో అసలు యజమాని ఎవరో నిజం రాయాలి. పైగా ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది ఆ కాగితాలే.

గ్రీన్ కార్డు వచ్చేదాకా ఫ్లయింగ్ క్లబ్బులో చేరండి. నేను నాలుగేళ్లు అలాగే గడిపాను. ఆయిల్ మార్చడం, ప్లగ్గులు శుభ్రం చేయడం నేర్చుకున్నది క్లబ్బు హ్యాంగర్‌లోనే, అంటే విమానాలు పెట్టే షెడ్డులోనే. ఇంకో సంగతి: గ్రీన్ కార్డు ఉన్నా సరే, పౌరులు కానివాళ్లు ప్రైవేట్ పైలట్ శిక్షణ మొదలుపెట్టే ముందు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి తీసుకోవాలి.

150 కొనాలా, 152 కొనాలా?

సెస్నా 150 తయారీ 1958లో మొదలై 1977 వరకు సాగింది. దాని తర్వాత వచ్చిన 152ను 1985 వరకు చేశారు. రెండూ కలిపి 30 వేలకు పైగా తయారయ్యాయి. అందుకే విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, ప్రతి ఊళ్లోనూ వీటిని విప్పి బిగించిన మెకానిక్ ఒకరు ఉంటారు. మొదటి విమానానికి ఇంతకు మించిన అర్హత అక్కర్లేదు.

తేడా ఎక్కువగా ఇంజిన్‌లో ఉంది. 150లో కాంటినెంటల్ ఓ-200, 100 హార్స్‌పవర్. ఓవర్‌హాల్‌కు, అంటే ఇంజిన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయడానికి, తయారీదారు చెప్పే గడువు 1,800 గంటలు. 152లో లైకమింగ్ ఓ-235, చాలావాటిలో 110 హార్స్‌పవర్, ఓవర్‌హాల్ గడువు 2,400 గంటలు. కాగితం మీద చూస్తే 152దే పైచేయి. కానీ ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. లైకమింగ్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, ప్రొపెల్లర్‌ను తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. విమానం కదలకుండా పడి ఉంటే దాని మీది ఆయిల్ పొర కిందికి జారిపోతుంది, తేమ తగిలి తుప్పు మొదలవుతుంది. కాంటినెంటల్‌లో క్యామ్ కింద ఉంటుంది కాబట్టి ఆ బెడద తక్కువ.

నేను మొదట మనసు పడింది ఒక 152 మీదే. కొత్త పెయింటు, ఓవర్‌హాల్ తర్వాత ఇంజిన్ తిరిగింది 200 గంటల లోపే. అమ్మేవాడు ఆ అంకెనే మళ్లీ మళ్లీ చెప్పాడు. లాగ్‌బుక్ తిరగేస్తే ఆ కొద్ది గంటలూ పదేళ్లకు పైగా కాలంలో తిరిగినవని తేలింది. మెకానిక్ ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతలు విప్పి, అయస్కాంతం పెడితే సన్నని ఇనుప రజను అంటుకుంది. క్యామ్, దాని మీద ఆని కదిలే లిఫ్టర్లు అరిగిపోతున్నాయన్నమాట. ఆ విమానం వదిలేశాను. తర్వాత కొన్న 150కి ఇంజిన్ గంటలు 1,100 దాటాయి. కానీ పాత యజమాని వారం వారం ఎగిరాడు. ఇన్నేళ్లలో ఒక్క సిలిండర్ కూడా విప్పాల్సిన అవసరం రాలేదు.

బరువు లెక్క, డబ్బు లెక్క

150 మొత్తం బరువు 1,600 పౌండ్లు దాటకూడదు, 152కి 1,670. నా విమానం ఖాళీ బరువు 1,110 పౌండ్లు. అంటే నేను మోసుకెళ్లగలిగింది 490. వాడుకోగల ఇంధనం 22.5 గ్యాలన్లు, గ్యాలన్‌కు 6 పౌండ్ల చొప్పున 135. మిగిలింది 355 పౌండ్లు, అంటే దాదాపు 161 కిలోలు. ఇద్దరు మనుషులూ వాళ్ల బ్యాగులూ కలిపి అంతే. మీరు 85 కిలోలు, మీ స్నేహితుడు 90 కిలోలు అయితే ట్యాంకులు నింపుకుని ఎగరలేరు. దీనికి బేరం లేదు. టెక్సస్ ఎండల్లో గాలి పలచబడుతుంది, బరువు తక్కువగా ఉన్న రోజు కూడా విమానం పైకి లేవడం నెమ్మదిగానే ఉంటుంది. కొనే ముందే ఈ లెక్క ఇంట్లో కూర్చుని వేసుకోండి.

డబ్బు సంగతి. మా ప్రాంతంలో నాకు అయ్యే ఖర్చులు ఉజ్జాయింపు అంకెల్లో చెబుతాను. హ్యాంగర్ అద్దె నెలకు 300 డాలర్లు, అంటే ఏడాదికి 3,600. ఇన్సూరెన్స్ 1,000. యాన్యువల్ ఇన్‌స్పెక్షన్, అంటే ఏడాదికోసారి తప్పనిసరి తనిఖీ, 1,500. అందులో బయటపడే మరమ్మతులకు సగటున ఇంకో 1,500. మొత్తం 7,600. ఎగిరినా ఎగరకపోయినా ఈ డబ్బు పోతుంది. ఎగిరే గంటకు ఇంధనం సుమారు 6 గ్యాలన్లు, గ్యాలన్ 6 డాలర్లనుకుంటే 36. ఆయిల్‌కు 3. ఇంజిన్ ఓవర్‌హాల్ కోసం విడిగా దాచాల్సింది 17: అంటే 30 వేల డాలర్లను 1,800 గంటలకు పంచాను. ఏడాదికి 100 గంటలు ఎగిరితే గంటకు 132 డాలర్లు పడుతుంది. 50 గంటలే ఎగిరితే 208. ఏడాదికి 50 గంటలు కూడా ఎగరలేననుకుంటే అద్దెకు తీసుకోవడమే మేలు. కొనాలనే కోరిక బలంగా ఉంటే ఇంకొకరిని వాటాకు తెచ్చుకోండి.

ఓవర్‌హాల్ డబ్బును నిజంగానే వేరే ఖాతాలో వేయండి. చాలామంది వేయరు. ఇంజిన్ ఆగిన ఏడాది విమానం హ్యాంగర్‌లో మూలన పడుతుంది, ఆ పైన ఐదేళ్లు అక్కడే ఉంటుంది.

కొనే ముందు: మొదట కాగితాలు, ఆ తర్వాతే విమానం

పెయింటు చూస్తే మనసు కరిగిపోతుంది. అందుకే నేను ముందు లాగ్‌బుక్కుల ఫొటోలు పంపమంటాను. బాడీకి, ఇంజిన్‌కు విడివిడిగా పుస్తకాలు ఉంటాయి, ప్రొపెల్లర్‌కు కూడా ఒకటి ఉండొచ్చు. అవి మొదటి రోజు నుంచీ వరుసగా ఉండాలి. ఒక పుస్తకం పోయిందంటే ధర తగ్గాలి, లేదా మీరు తప్పుకోవాలి. పెద్ద మరమ్మతు జరిగితే ఫారం 337 ఉంటుంది. ఆ ఫారాల కాపీలు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏకి ఓక్లహోమా సిటీలో ఉన్న రిజిస్ట్రీలో దొరుకుతాయి. విమానం నంబరు చెప్పి కొద్దిపాటి ఫీజు కడితే మొత్తం చరిత్ర పంపిస్తారు. అమ్మేవాడు మరచిపోయిన ప్రమాదాలు అందులో కనిపిస్తాయి.

తర్వాత ఏడీల జాబితా. ఏడీ అంటే, ఫలానా లోపాన్ని సరిచేయాల్సిందేనని ఎఫ్‌ఏఏ ఇచ్చే ఆదేశం. ఈ విమానాలకు సంబంధించి రెండు మీ నోటికి రావాలి. ఒకటి సీటు పట్టాలది, 2011-10-09. పట్టా రంధ్రాలు అరిగితే పిన్ను జారి, టేకాఫ్‌లో సీటు ఒక్కసారిగా వెనక్కి పోతుంది. పైలట్ చేతిలో యోక్, అంటే విమానం నడిపే చక్రం, ఉంటే దాన్ని పట్టుకునే వెనక్కి వెళ్తాడు, ముక్కు పైకి లేస్తుంది. అలా ప్రాణాలు పోయాయి. రెండోది రడ్డర్ స్టాప్‌ది, 2009-10-09. స్పిన్‌లో, అంటే విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడేటప్పుడు, రడ్డర్ (తోక మీది చుక్కాని) తన హద్దు దాటి ఇరుక్కుపోకుండా కొత్త స్టాప్ కిట్టు వేయించాలి, లేదా స్పిన్‌లు నిషేధం అని బోర్డు పెట్టాలి. మీరు చూస్తున్న విమానంలో ఏది చేశారో లాగ్‌బుక్‌లో వెతకండి.

ఆ పైన కొనే ముందు చేయించే ప్రీ-బై తనిఖీ. మెకానిక్‌ను మీరే ఎంచుకోవాలి. ఇప్పటిదాకా ఆ విమానాన్ని చూసుకున్నవాడు మాత్రం వద్దు. ఆయనతో ఇవి చేయించండి: నాలుగు సిలిండర్ల కంప్రెషన్ పరీక్ష (లోపలి గాలి లీకవుతోందా అని చూడటం), బోరోస్కోప్ అనే సన్నని కెమెరాతో ఎగ్జాస్ట్ వాల్వులు చూడటం, ఫిల్టర్ కోయడం, నేల ప్యానెళ్లు విప్పి తుప్పు వెతకడం. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు, తెల్లటి పొడిలా ఉబ్బుతుంది. విశాఖ బీచ్ రోడ్డు పక్క ఇళ్ల కిటికీ ఊచలు ఎంత త్వరగా పాడవుతాయో మనకు తెలుసు కదా. గాల్వెస్టన్, కార్పస్ క్రిస్టి లాంటి సముద్రతీరాల్లో ఆరుబయట కట్టేసిన విమానాలదీ అదే కథ. అక్కడ పెరిగిన విమానమైతే రెక్కల లోపల తప్పకుండా చూడాలి.

అంతా బాగుంటే టైటిల్ సెర్చ్ చేయించి అప్పులేమీ లేవని తేల్చుకోండి, డబ్బు ఎస్క్రో ద్వారా, అంటే మధ్యవర్తి ఖాతా ద్వారా, ఇవ్వండి. అమ్మకపు పత్రం ఫారం 8050-2, రిజిస్ట్రేషన్ దరఖాస్తు 8050-1, ఫీజు 5 డాలర్లు. కొత్త కార్డు వచ్చేదాకా దరఖాస్తు కాపీ విమానంలో ఉంచుకుని దేశం లోపల ఎగరవచ్చు. రిజిస్ట్రేషన్ ఏడేళ్లు నడుస్తుంది. ఇన్సూరెన్స్ మాత్రం ఇంటికి తెచ్చుకునే రోజుకు ముందే మొదలవ్వాలి.

ఆయిల్ మార్చడం, దశలవారీగా

ఎఫ్‌ఏఏ నిబంధనల్లో పార్ట్ 43, అపెండిక్స్ ఏలో ఒక జాబితా ఉంది. ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉన్న యజమాని తన విమానానికి సొంతంగా చేసుకోగల పనులు అందులో ఉన్నాయి: ఆయిల్, ప్లగ్గులు, టైర్లు, బ్యాటరీ, చక్రాల బేరింగులకు గ్రీజు, లైట్లు ఇలా. వీటిలో ఆయిల్ మార్పు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో దీని ద్వారానే తెలుస్తుంది. తిప్పి బిగించే స్పిన్-ఆన్ ఫిల్టర్ ఉంటే 50 గంటలకు, లోహపు జాలీ మాత్రమే ఉంటే 25 గంటలకు మార్చాలి. గంటలు పూర్తి కాకపోయినా నాలుగు నెలలు దాటనివ్వకండి. మొదటిసారి మెకానిక్‌ను పక్కన నిలబెట్టుకుని చేయండి.

1. ముందు ఒక అరగంట ఎగిరి రండి. వేడి ఆయిల్ మురికిని తనతో పాటు కిందికి తెస్తుంది. చల్లటి ఆయిల్ తీస్తే మురికి లోపలే ఉండిపోతుంది.

2. మ్యాగ్నెటోలు (ప్లగ్గులకు విద్యుత్తు పంపేవి) ఆఫ్, తాళం చెవి బయటికి తీసి జేబులో, ఇంధనం పాళ్లు మార్చే మిక్స్‌చర్ పూర్తిగా వెనక్కి, చక్రాలకు అడ్డు కట్టెలు. ప్రొపెల్లర్ ఎప్పుడైనా తిరుగుతుందన్నట్టే దాని దగ్గర మసలుకోండి. మ్యాగ్నెటో వైరు ఒకటి తెగి ఉంటే తాళం తీసినా ఇంజిన్ స్టార్ట్ కావచ్చు.

3. కౌలింగ్, అంటే ఇంజిన్ మీది మూత, విప్పండి. స్క్రూలన్నీ ఒక డబ్బాలో వేయండి. విప్పగానే టార్చిలైటు వేసి ఇంజిన్ చుట్టూ ఒక్కసారి చూడండి: నీలం మరక ఉంటే ఇంధనం కారుతోంది, ఎగ్జాస్ట్ కీళ్ల దగ్గర బూడిద రంగు మరక ఉంటే పొగ లీకవుతోంది. పొగ లీకు చిన్న విషయం కాదు. క్యాబిన్ హీటర్ గాలి ఎగ్జాస్ట్ చుట్టూ తిరిగే వస్తుంది, పగులు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది.

4. డ్రెయిన్‌కు గొట్టం తగిలించి బకెట్‌లోకి వదలండి. సగం కారాక, మధ్యధార నుంచి చిన్న సీసాలో కొంచెం పట్టి పరీక్షకు పంపండి. ఒక్క రిపోర్టుతో ఏమీ తెలియదు. నాలుగైదు వరసగా చూస్తే ఇనుము, రాగి పెరుగుతున్నాయా లేదా అర్థమవుతుంది.

5. పాత ఫిల్టర్ తీయండి. దాన్ని పారేయకండి. ఫిల్టర్ కట్టర్‌తో కోసి, కాగితం మడతలు వెడల్పుగా పరిచి వెలుతురులో చూడండి. నల్లటి చిన్న ముక్కలు సాధారణంగా కాలిన ఆయిల్ మసే. మెరిసే రవ్వలుంటే అయస్కాంతం పెట్టండి. అంటుకున్నాయంటే ఎగరడం ఆపి మెకానిక్‌కు ఫోన్ చేయండి.

6. కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు డీసీ-4 అనే పేస్టు పలచగా పూయండి. టార్క్ రెంచ్‌తో 16 నుంచి 18 ఫుట్-పౌండ్లు. తర్వాత 0.032 అంగుళాల సేఫ్టీ వైరు. వైరు ఫిల్టర్‌ను బిగుసుకునే వైపు లాగాలి. తిరగేసి కడితే అది వదులయ్యే వైపు లాగుతుంది. కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇదే.

7. ఆయిల్ పోయండి. ఓ-200 సంప్‌లో, అంటే ఆయిల్ నిలిచే అడుగు తొట్టిలో, 6 క్వార్టులు పడుతుంది. నాది 6 పోస్తే పై క్వార్టును బ్రీదర్ అనే గాలి గొట్టం గుండా బయటికి చిమ్మేస్తుంది, 5 దగ్గర కుదురుగా ఉంటుంది. 4కి తగ్గితే ఎగరను.

8. ఇంజిన్ రెండు నిమిషాలు తిప్పి ఆపండి. అర నిమిషంలో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయాలి. తర్వాత ఫిల్టర్ కింద, డ్రెయిన్ కింద చేత్తో తడిమి చూడండి.

9. లాగ్‌బుక్‌లో రాయండి: తేదీ, ట్యాక్ అంకె (ఇంజిన్ గంటల మీటర్‌లోది), ఏం చేశారు, సంతకం, పైలట్ సర్టిఫికెట్ నంబరు, అది ఏ రకం. ఇది రాయకపోతే చట్టం దృష్టిలో పని పూర్తయినట్టు కాదు.

ప్లగ్గులు, సీసం, ఇంధనం

ఓ-200ను 80 ఆక్టేన్ ఇంధనం కోసం తయారుచేశారు. ఇప్పుడు విమానాశ్రయాల్లో దొరికేది ఎక్కువగా నీలం రంగు 100ఎల్ఎల్. పేరులో "లో లెడ్" అని ఉన్నా, పాత 80 ఆక్టేన్ ఇంధనంతో పోలిస్తే ఇందులో సీసం నాలుగు రెట్లు దాకా ఉండొచ్చు. ఆ సీసం కింది ప్లగ్గుల్లో చిన్న గోళీల్లా గడ్డకడుతుంది. మొదటి ఏడాది ఎగిరే ముందు ఇంజిన్ పరీక్ష (రన్-అప్) చేస్తుంటే కుడి మ్యాగ్నెటో మీద ఇంజిన్ దడదడలాడింది. మెకానిక్ ప్లగ్గు విప్పి సన్నని మొనతో గోళీలు రాల్చి చూపించాడు. మ్యాగ్నెటో చెడిందేమోనని రాత్రంతా టెన్షన్ పడ్డాను, జబ్బు ప్లగ్గులో ఉంది.

అప్పటి నుంచి రెండు పనులు మానలేదు. నేల మీద ట్యాక్సీ చేసేటప్పుడు మిక్స్‌చర్ బాగా వెనక్కి లాగుతాను, ఇంకొంచెం లాగితే ఇంజిన్ ఆగిపోయేంతగా. 50 గంటలకోసారి ఎనిమిది ప్లగ్గులూ విప్పి శుభ్రం చేస్తాను. మామూలు ప్లగ్గులకు గ్యాప్ 0.016 నుంచి 0.021 అంగుళాలు. ప్లగ్గు లోపలి రెసిస్టర్‌ను మీటర్‌తో కొలవండి, 5,000 ఓమ్‌లు దాటితే కొత్తది వేయండి. పైవి కిందికి, కిందివి పైకి మార్చి బిగించాలి. ప్రతిసారీ కొత్త రాగి వాషర్ వేయండి. టార్క్ ఓ-200కు 25 నుంచి 30 ఫుట్-పౌండ్లు, లైకమింగ్‌కు 35. చేతి నుంచి జారి నేల మీద పడిన ప్లగ్గును మళ్లీ వాడకండి. లోపల పింగాణీకి పగులు వచ్చినా పైకి కనిపించదు. అయ్యాక 1,700 ఆర్‌పీఎం దగ్గర మ్యాగ్నెటో పరీక్ష: 150లో తగ్గుదల 150 మించకూడదు, రెండింటి మధ్య తేడా 75 మించకూడదు.

ఎస్‌టీసీ అనే మార్పు ఆమోదపత్రం కొనుక్కుంటే ఈ ఇంజిన్‌లో కారు పెట్రోలు కూడా వాడొచ్చు. 1982లో విమానాల ఔత్సాహికుల సంస్థ ఈఏఏ కారు పెట్రోలుకు ఎఫ్‌ఏఏ ఆమోదం మొదట సంపాదించింది సెస్నా 150 మీదే. షరతు ఒకటే: ఇథనాల్ ఉండకూడదు. పెట్రోలు బంకు బోర్డును నమ్మకుండా మీరే పరీక్షించుకోండి. సన్నని గాజు గొట్టంలో కొంచెం నీళ్లు పోసి గీత గీయండి, పైన పెట్రోలు పోసి కుదిపి నిలబెట్టండి. నీటి మట్టం గీత దాటి పెరిగితే ఇథనాల్ ఉన్నట్టు.

ఓ-200కు కార్బ్యురేటర్‌లో మంచు పట్టే గుణం ఎక్కువ. ఎండాకాలంలోనూ, తేమ ఉన్న రోజు పవర్ తగ్గించినప్పుడు పడుతుంది. కాబట్టి కార్బ్యురేటర్‌కు వేడి గాలి పంపే కార్బ్ హీట్ కేబుల్, దాని తలుపు సరిగ్గా కదులుతున్నాయో లేదో కౌలింగ్ విప్పిన ప్రతిసారీ చూడండి.

చక్రాలు, ముక్కు కాలు

నా విమానానికి వెనక టైర్లలో 21 పీఎస్‌ఐ, ముక్కు టైరులో 30. మీ మోడల్ అంకెలు మీ పుస్తకంలో చూసుకోండి. ల్యాండయ్యాక ముక్కు చక్రం గజగజ వణికితే ఆ వణుకును ఆపే షిమ్మీ డ్యాంపర్‌లో ఎర్ర హైడ్రాలిక్ ద్రవం తగ్గి ఉండొచ్చు, లేదా కీళ్లు అరిగి ఉండొచ్చు. బ్రేక్ లైనింగ్ 0.100 అంగుళాల దాకా అరిగితే మార్చాలి. ప్రొపెల్లర్ అంచున రాయి తగిలి గాటు పడితే ఫైలు పట్టుకుని మీరు రుద్దకండి. అది మీ జాబితాలో లేని పని, మెకానిక్‌ది. వదిలేయకండి కూడా, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

నిలబెట్టి ఉంచకండి

వారానికో, పది రోజులకో ఒకసారి గంటసేపు ఎగరాలి. ఆయిల్ వేడి 180 ఫారెన్‌హీట్ దాటి కొంతసేపు ఉంటేనే లోపలి తేమ ఆవిరవుతుంది. కొందరు ఎగరడానికి తీరిక లేక, హ్యాంగర్ ముందు పది నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపేస్తారు. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ఇంధనం కాలినప్పుడు పుట్టే నీరు లోపల చేరుతుంది, అది పోయేంత వేడి రాదు. ఎగరలేకపోతే అసలు స్టార్ట్ చేయకండి. ఇండియాకు నెలన్నర వెళ్తున్నారంటే, లైసెన్సు ఉండి మీ ఇన్సూరెన్స్‌లో పేరున్న మరో పైలట్‌కు అప్పగించి వెళ్లండి. నేను డిసెంబర్‌లో విజయవాడ వెళ్లిన ప్రతిసారీ పక్క హ్యాంగర్ పెద్దాయన వారానికోసారి నా విమానం ఎగరేస్తారు.

యాన్యువల్

ప్రతి 12 నెలలకూ యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ జరగాలి. మార్చి 3న సంతకం అయితే వచ్చే ఏడాది మార్చి 31 దాకా చెల్లుతుంది. మామూలు మెకానిక్ సంతకం దీనికి చాలదు, ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్ ఉన్నవాడే పెట్టాలి. గడువు దాటితే ప్రత్యేక అనుమతి లేకుండా పక్క ఊరికి కూడా ఎగరలేరు. 100 గంటల ఇన్‌స్పెక్షన్ అనే మాట వింటారు, అది డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే, శిక్షణకు ఇచ్చే విమానాలకు. సొంతానికి ఎగిరేవాళ్లకు అక్కర్లేదు.

వీలైతే, యజమాని పక్కనే ఉండి సాయం చేయడానికి ఒప్పుకునే మెకానిక్‌ను వెతుక్కోండి. ప్యానెళ్లు విప్పడం, సీట్లు తీయడం, శుభ్రం చేయడం మీరు చేస్తే ఖర్చు తగ్గుతుంది. డబ్బు కన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. మీ కంట్రోల్ కేబుళ్లు ఏ పుల్లీ మీదుగా వెళ్తున్నాయో, ఏది అరుగుతోందో మీ కళ్లతో చూస్తారు. కంప్రెషన్ అంకెలు మీ డైరీలో రాసుకోండి. 80కి 72 వచ్చిన సిలిండర్ పోయిన ఏడాది 78 ఉంటే, ఈసారి బోరోస్కోప్ బొమ్మను జాగ్రత్తగా చూడమని మీరే అడగాలి. అదే సమయంలో సీటు పట్టాలు, ఈఎల్‌టీ (ప్రమాదం జరిగితే సిగ్నల్ పంపే పరికరం) తనిఖీ కూడా చేయించండి. రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ పరీక్షకు 24 నెలల గడువు ఉంది. దాని తేదీ చాలామంది మరచిపోతారు. స్లిక్ అనే బ్రాండు మ్యాగ్నెటోలైతే 500 గంటలకోసారి విప్పి చూడాలి. ఈ తేదీలన్నీ ఒకే కాగితం మీద రాసి హ్యాంగర్ తలుపు లోపలివైపు అంటించాను.

దిగిన తర్వాత

వేగం కొలిచే పీటో గొట్టానికి తొడుగు, కౌలింగ్ రంధ్రాలకు స్పంజి ముక్కలు తప్పనిసరి. మా దగ్గర మట్టిగూళ్లు కట్టే కందిరీగలు చాలా ఎక్కువ, పిచ్చుకలు ఒక్క పూటలో సిలిండర్ల మీద గడ్డి పేరుస్తాయి. ఎడమ రెక్క కింద ఇంధన ట్యాంకు గాలి గొట్టం ఉంటుంది. దాన్ని ఎగిరే ముందు వేలితో తడిమి చూడండి, అది మూసుకుపోతే ట్యాంకులో ఇంధనం ఉన్నా ఇంజిన్‌కు అందకపోవచ్చు. గాలికి యోక్ కదలకుండా కంట్రోల్ లాక్ పెట్టండి. చివరగా పాత గుడ్డతో పొట్ట కింద ఆయిల్ మరకలు తుడవండి. రేకు శుభ్రంగా ఉంటే, మళ్లీ వచ్చినప్పుడు కొత్త చుక్క ఎక్కడి నుంచి కారిందో చూడగానే తెలుస్తుంది.